నడిపించే చేతుల గురించి

తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారి గారికి,



నేను కార్వేటినగరం ఆడపడుచును, ఫిజియోథెరపిస్టును. మా ఊరి వేణుగోపాలస్వామి గుడి మీ దేవస్థానం నిర్వహణలోనే ఉంది. తిరుపతిలో దివ్యాంగుల కోసం 1985లో మొదలైన బర్డ్ ఆసుపత్రీ మీదే. కాలు విరిగినా, నడుము కింద చచ్చుబడినా మా మండలంలో ముందుగా గుర్తొచ్చే పేర్లలో అదొకటి. అందుకే ఈ లేఖ ఆరోగ్య శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

మనిషి బరువును పైనుంచి కొంత పట్టి ఉంచి, ట్రెడ్‌మిల్ మీద నడిపించే చికిత్స ఒకటుంది. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్తే కొడుకులు ఫోన్‌లో ఆ వీడియో చూపించి, "ఈ మిషను తిరుపతిలో ఉందా మేడమ్? దాంట్లో పెడితే మా నాయన నడిచేదానికి అవుతాదా?" అని అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. ఇలాంటి యంత్రం ఇస్తామని దాతలు ముందుకు రావడమూ మంచిదే. నా విన్నపం ఒక్కటే. స్వామివారి డబ్బుతో గానీ, భక్తుల విరాళంతో గానీ ఈ యంత్రం ఎక్కడ పెట్టినా, దాని పక్కన నిలబడి పేషెంటును నడిపించే మనుషులకు ముందు శిక్షణ, జీతం ఏర్పాటు చేయండి. ఆ మనుషుల్ని మా లాంటి ఊళ్ల దాకా పంపండి. యంత్రం ఆ తర్వాత కొనవచ్చు.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో కొంత చెప్పాలి.

పైన ఉక్కు చట్రం. దాని నుంచి దిగే తాడు. తాడు చివర ఛాతీకీ నడుముకీ తొడలకీ బిగించే బెల్టుల జాకెట్టు, హార్నెస్ అంటారు. కింద మెల్లగా కదిలే పట్టా. మొదట్లో మనిషి బరువులో 30 నుంచి 40 శాతం దాకా తాడు మోస్తుంది. అరవై కిలోల మనిషికి 40 శాతం అంటే 24 కిలోలు తాడు మీద, 36 కిలోలు కాళ్ల మీద. కాళ్లు కుదుటపడేకొద్దీ తాడు వాటా తగ్గిస్తాం, పట్టా వేగం పెంచుతాం. కాళ్ల మీద బరువు బొత్తిగా లేకుండా గాలిలో ఆడిస్తే నడక రాదు. పాదం నేలను నొక్కినప్పుడు, తుంటి వెనక్కి సాగినప్పుడు పుట్టే కబురు వెన్నుపాముకు చేరితేనే తర్వాతి అడుగు లేస్తుంది.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. నడక లయ వెన్నుపాములోనే పుట్టగలదని బ్రిటన్‌లో గ్రాహమ్ బ్రౌన్ 1911లో పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు. 1980లలో కెనడాలోని మాంట్రియల్‌లో హ్యూగ్ బార్బో, ఆయన సహచరులు వెన్నుపాము తెగిన పిల్లుల్ని రోజూ ట్రెడ్‌మిల్ మీద సాధన చేయిస్తే వెనక కాళ్లతో మళ్లీ అడుగులు వేయడం గమనించారు. బరువు తగ్గించి మనుషుల్ని నడిపించే ఏర్పాటు గురించి 1987లో రాశారు. జర్మనీలో ఆంటోన్ వెర్నిగ్ 1990ల తొలినాళ్లలో వెన్నుపాము పూర్తిగా తెగని రోగుల మీద దీన్ని ప్రయత్నించి మంచి ఫలితాలు చెప్పాడు. 1998లో మాంట్రియల్ బృందమే పక్షవాతం వచ్చిన వంద మందిని రెండు జట్లు చేసింది. అందరినీ ట్రెడ్‌మిల్ మీదే నడిపించారు. కొంత బరువు తగ్గించి నడిపించినవాళ్లు పూర్తి బరువుతో నడిచినవాళ్లకన్నా బాగా కోలుకున్నారు. అప్పటి నుంచి ఈ యంత్రానికి పేరు పెరిగింది.

తర్వాత వచ్చిన పెద్ద పరీక్షలు వేరే సంగతి చెప్పాయి. దేవస్థానం పెద్దలు దయచేసి ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. వెన్నుపాము దెబ్బతిని ఎనిమిది వారాలు దాటని 146 మందిని తీసుకుని, కొందరిని హార్నెస్‌తో ట్రెడ్‌మిల్ మీద, కొందరిని మామూలు నేల మీద, అంతే గట్టిగా పన్నెండు వారాలు సాధన చేయించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లకూ తేడా రాలేదు. పక్షవాతం వచ్చిన 408 మందితో అమెరికాలో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది, 2011లో ప్రచురించారు. ఒక జట్టుకు పక్షవాతం వచ్చిన రెండు నెలలకు ట్రెడ్‌మిల్, ఇంకో జట్టుకు ఆరు నెలలకు ట్రెడ్‌మిల్. మూడో జట్టుకు ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి బలం పెంచే, తూకం నిలిపే వ్యాయామాలు చేయించారు. ఏడాది తిరిగేసరికి మొత్తం మీద 52 శాతం మంది నడక ఒక మెట్టు పైకి ఎక్కింది. మూడు జట్లూ సమానమే. పైపెచ్చు, ట్రెడ్‌మిల్ జట్లలో సాధన సమయంలో తల తిరగడం ఎక్కువ కనిపించింది. నడక బాగా పడిపోయిన స్థితిలో తొందరగా ట్రెడ్‌మిల్ మొదలుపెట్టినవాళ్లు పదేపదే కింద పడడమూ ఎక్కువగానే ఉంది.

ఇది చదివి యంత్రం దండగ అని నేననను. సొంతంగా నిలబడలేని ఎనభై కిలోల మనిషిని ఇద్దరు ఫిజియోలు పట్టుకుని నడిపించడం ఆ మనిషికీ, వాళ్లకీ ప్రమాదమే. అలాంటి మనిషికి తొలి అడుగులు హార్నెస్‌లో వేయించడం ఉత్తమం. పడిపోతానన్న భయం పోయి గుండె నిండా ఊపిరి తీసుకుని నడిచినవాళ్లను చూశాను. ఆ ఫలితాల నుంచి నేను తీసుకున్నది ఇదీ: మేలు చేసింది ఎక్కువసార్లు, గట్టిగా, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో చేసిన సాధన. యంత్రం దగ్గరైనా, ఇంటి అరుగు మీదైనా ఆ పర్యవేక్షణ తప్పనిసరి. సొంతంగా నడవగలిగి, జబ్బు చేసి ఆరు నెలలు దాటినవాళ్లకు వేగం, దూరం పెంచడం కోసం ఈ యంత్రం వాడొద్దని, చెమట పట్టేలా గట్టిగా నడిపించడమే మేలని 2020లో అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాలు కూడా చెప్పాయి. కాబట్టి యంత్రం ఎవరికి, ఎప్పటిదాకా అన్నది తేల్చడానికే ముందు ఒక మనిషి కావాలి.

ఇక యంత్రం పక్కన ఏం జరగాలో చెప్తాను. టెండరు కాగితాల్లో ఈ వివరాలు ఉండవు కాబట్టి విడమరిచే చెప్తాను.

పేషెంటు గదిలోకి వచ్చీరాగానే ఎక్కించకూడదు. మా పల్లెల నుంచి తిరుపతికి వచ్చే షుగర్ పేషెంట్లు చాలామంది తెల్లవారుజామునే ఇన్సులిన్ వేసుకుని, బస్సు వెళ్లిపోతుందని టిఫిన్ చేయకుండా బయల్దేరతారు. పది గంటలకు ట్రెడ్‌మిల్ ఎక్కితే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలబడతారు. ముందు "ఏం తిన్నావు నాయనా?" అని అడగాలి. వేలు గుచ్చి షుగర్ చూడాలి. బీపీ కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబెట్టాక ఒకసారి చూడాలి. ఇంతకు మించితే, ఇంతకు తగ్గితే ఆపేయాలని డాక్టరు ఆ మనిషి చీటీ మీద రాసి ఉండాలి. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి ఆ రోజు నడక మానేసి డాక్టరు దగ్గరికి పంపాలి. మూత్రం సంచి ఖాళీ చేయాలి, గొట్టం మడత పడకుండా చూడాలి. బెల్టు ఆనే చోట పుండుంటే, ఈ మధ్యే పొట్ట ఆపరేషన్ అయి ఉంటే, ఎముక విరిగి ఇంకా అతకకుంటే, గుండె జబ్బు అదుపులో లేకుంటే ఆ రోజు యంత్రం జోలికి పోకూడదు.

హార్నెస్ వేయడం ఒక విద్య. నడుము బెల్టు తుంటి ఎముకల మీద గట్టిగా పట్టాలి. వదులుగా ఉంటే తాడు లాగగానే మొత్తం పైకి జారి చంకల్లో ఇరుక్కుంటుంది, పక్కటెముకల్ని నొక్కి ఊపిరి ఆడనివ్వదు. తొడల బెల్టుల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. మగవాళ్లకైతే మర్మావయవాలు నలగకుండా చూసుకోవాలి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు అక్కడ స్పర్శ ఉండదు, నలిగినా తెలియదు, "నొప్పి లేదు మేడమ్" అనే అంటారు. ఆ మాట నమ్మి ఊరుకోకూడదు. క్లిప్పుల్ని ఇద్దరు చూడాలి, వేసినవాళ్లు ఒకసారి, వేరేవాళ్లు మరోసారి.

తర్వాత లేపడం. లేపేముందు చెప్పాలి. "అన్నా, ఇప్పుడు మెల్లగా పైకి లేపుతా ఉండాం. కండ్లు తిరిగితే చెయ్యి ఎత్తు" అని చెప్పి, వాళ్లు సరేనన్నాకే మీట నొక్కాలి. నెలల తరబడి పడుకున్న మనిషి ఒక్కసారి నిలువుగా అయితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, బీపీ పడిపోతుంది. కదలకుండా బెల్టుల్లో వేలాడితే అది మరీ ప్రమాదం. ఏదైనా తేవాలన్నా, ఫోన్ మోగినా, హార్నెస్‌లో ఉన్న మనిషిని వదిలి పోకూడదు. పక్క గదిలో టీ తాగుతూ పేషెంటును తాడుకు వదిలేసిన చోటు నేను కళ్లారా చూశాను. ఆ రోజు ఏమీ కాలేదు. అలా ఏమీ కాని రోజుల వల్లే ఆ అలవాటు ముదురుతుంది.

నడక మొదలయ్యాక నలుగురు కావాలి. రెండు కాళ్లూ పడిపోయిన మనిషికి ఒక్కో కాలి దగ్గర ఒకరు, వెనక నుంచి తుంటి పట్టి నిటారుగా నిలబెట్టడానికి ఒకరు, తాడు, వేగం, ఆపే మీట చూసుకోవడానికి ఒకరు. ఒక్క పక్కే పడిపోయి ఉంటే ముగ్గురితో సరిపోతుంది. మీట దగ్గరున్న మనిషికి వేరే పని పెట్టకూడదు. కాలి దగ్గర కూర్చున్నవాళ్ల ఒక చెయ్యి మోకాలి కింద, ఇంకో చెయ్యి చీలమండ దగ్గర. అడుగు వేసేటప్పుడు మోకాలు వంగేలా సాయం చేయాలి, మడమ ముందు ఆనేలా చూడాలి, బరువు పడ్డప్పుడు మోకాలు వెనక్కి విరిగినట్టు పోకుండా ఆపాలి. పిక్క ఎముక నడిమధ్యన పట్టి లాగకూడదు. చచ్చుబడిన కాళ్లలో ఎముక నెలల్లోనే పలచబడుతుంది, ఏమాత్రం మెలితిప్పినా మోకాలి దగ్గర విరగవచ్చు, విరిగిన సంగతి ఆ మనిషికి తెలియకపోవచ్చు. కాలు ఒక్కసారిగా బిగుసుకుంటే దాంతో కుస్తీ పట్టకూడదు. పట్టా ఆపాలి, బిగువు సడలేదాకా ఆగాలి. పాదం ఈడ్చుకుపోతే వేళ్లు ఒరుసుకుపోతాయి. బిగుతైన బూటు లేకుండా ఎక్కించకూడదు.

ఎంత సాయం చేయాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మొత్తం అడుగు మనమే వేయిస్తే వాళ్ల వెన్నుపాముకు పని లేదు. అసలు పట్టకపోతే చీలమండ మడత పడుతుంది. ఈ అడుగులో ఎంత, తర్వాతి అడుగులో ఎంత అన్నది చేతికి తెలియాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. అనుభవమున్న ఫిజియో పక్కన కూర్చుని, ఆమె చేతి మీద చెయ్యి వేసి నేర్చుకోవాలి.

ఇక్కడ సహాయకుల ఒళ్లు గురించి కూడా చెప్పాలి. నిమిషానికి నలభై సార్లు ఒక కాలు లేపారనుకుందాం. ఇరవై నిమిషాల సాధనలో అదే కాలు ఎనిమిది వందల సార్లు. వంగి కూర్చుని చేసే పని ఇది. రోజుకు నలుగురు పేషెంట్లను చూస్తే నడుం పట్టేస్తుంది. అలసిన చెయ్యి ముందు తన లయ పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత పేషెంటు చీలమండ మడత పడుతుంది. కాబట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు నడిపించి ఆపి, చేతులు మార్చుకోవాలి. కాలి దగ్గర కూర్చునేవాళ్లకు సరైన ఎత్తులో పీట ఉండాలి. ఈ శ్రమను తప్పించడానికే స్విట్జర్లాండ్‌లో లోకోమాట్ అనే రోబో యంత్రం వచ్చింది, కాళ్లను అదే కదిలిస్తుంది. ఖరీదు కోట్లలో మాట. ఆ డబ్బుతో ఏం చేయవచ్చో కిందే చెప్తాను.

సాధన సాగినంతసేపూ మాట్లాడుతూ ఉండాలి. మాట్లాడుతూ నడవగలిగితే సరే. మాట తడబడితే, ముఖం పాలిపోతే, ఛాతీలో బరువంటే పట్టా ఆపి కూర్చోబెట్టాలి. వెన్నులో ఆరో ఛాతీ పూస దగ్గర, లేదా అంతకు పైన దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో గండముంది. బెల్టు ఎక్కడో నొక్కినా, మూత్రం గొట్టం మడతపడినా, ఆ నొప్పి వాళ్లకు తెలియదు గానీ ఒళ్లు దాన్ని పసిగట్టి బీపీని ఉన్నట్టుండి ఎగదోస్తుంది. తల పగిలిపోయేలా నొప్పి, దెబ్బ తగిలిన చోటికి పై భాగంలో చెమటలు, ముఖం ఎర్రబడడం దాని గుర్తులు. అప్పుడు పడుకోబెట్టకూడదు. కిందికి దించి, నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులన్నీ విప్పి, మూత్రం గొట్టం చూసి, వెంటనే డాక్టరును పిలవాలి. ఆలస్యమైతే మెదడులో నరం చిట్లే ప్రమాదముంది. ఈ పనులన్నీ ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చి ఉండాలి. ఇలాంటివాళ్లలో చాలామందికి దెబ్బ కింది భాగంలో చెమట కూడా సరిగా పట్టదు. మా ప్రాంతపు మే నెల ఎండల్లో, ఫ్యాను తిరగని గదిలో వాళ్లను నడిపించడం మంచిది కాదు.

దించేటప్పుడు కుర్చీ వెనక సిద్ధంగా, బ్రేకు వేసి ఉండాలి. హార్నెస్ విప్పాక గజ్జలు, లోతొడలు, చంకలు, వీపు చూడాలి. ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే మరుసటి రోజు సాధన లేదు. పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది.

ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. తొడల మధ్య నుంచి బెల్టులు లాగి బిగించే చికిత్స ఇది. చీరతో, నైటీతో కుదరదు. అరవై ఏళ్ల పల్లెటూరి అమ్మకు పరాయి మగవాడు ఆ బెల్టులు సర్దుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. "వద్దులే తల్లీ, నా బతుకు ఇట్లే పోనీ" అని రెండో రోజు నుంచి మానేసినవాళ్లు నాకు తెలుసు. కాళ్లకు శక్తి లేక కాదు వాళ్లు ఆగిపోయింది. ఆడ సహాయకురాలు, తెర, వదులైన ప్యాంటు, ఈ మూడూ యంత్రంతోపాటే ఉండాలి.

సేవ చేయడానికి మీ దగ్గర చేతులకు కొదవ లేదని నాకు తెలుసు. శ్రీవారి సేవకు రాష్ట్రాలు దాటి వేల మంది వస్తారు. వాళ్లను ఈ పనికి పెట్టాలని ఎవరికైనా తోస్తే దయచేసి ఒప్పుకోవద్దు. వాళ్ల మనసు గొప్పది. కానీ వారం రోజులుండి వెళ్లిపోయేవాళ్లకు ఈ పని పట్టుబడదు. కుర్చీ తోయడం, నీళ్లివ్వడం, దారి చూపడం, పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం వాళ్లు చక్కగా చేస్తారు. కాలు పట్టుకునే చెయ్యి మాత్రం నెలల తరబడి అక్కడే ఉండాలి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఉండాలి, జీతం తీసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు మా ఊరి సంగతి. కార్వేటినగరం పక్కన పుత్తూరు ఉంది. విరిగిన ఎముకలకు అక్కడ వేసే పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మామిడి చెట్టు మీద నుంచి పడ్డా, బైకు మీద నుంచి పడ్డా మా వాళ్లకు ముందు తోచేది ఆ కట్టే. ఎముక మీద మాకున్న నమ్మకం అది. అందువల్లే ఒక ఇబ్బంది కూడా వస్తుంది. కట్టు విప్పాక ఎముక అతికినట్టే, వెన్నుపాము కూడా కొన్నాళ్లకు దానంతట అదే కూడుకుంటుందని, అప్పటిదాకా మంచం మీద కదలకుండా ఉంచాలని ఇళ్లలో అనుకుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లను కూడా అలాగే ఉంచేస్తారు. ఈలోగా మడమ బిగుసుకుపోతుంది, పిరుదుల మీద పుండ్లు పడతాయి, పక్షవాతం వచ్చినవాళ్లకు భుజం కూడా జారుతుంది. తోతాపురి మామిడి కోతల కాలంలో చెట్టు మీద నుంచి పడి నడుం విరిగినవాళ్ల దగ్గరికి నన్ను పిలిచేసరికి తరచు మొదటి రెండూ వచ్చి ఉంటాయి.

మంచం వదిలించాలని పట్టుదల ఉన్న ఇళ్లలో ఇంకో రకం ప్రమాదం. వీడియో చూసి వేపకొమ్మకు తాడు కట్టి, చంకల కింద తువ్వాలు వేసి లేపుతారు. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టి లాగి నిలబెడతారు. కీలు జారిన భుజం ఏళ్ల తరబడి నొప్పి పెడుతుంది. ఇంకొందరు జిమ్ములో వాడే ట్రెడ్‌మిల్ కొని వరండాలో పెడతారు. దాని కనీస వేగమే కొందరు పేషెంట్లకు ఎక్కువ కావచ్చు. పైన పట్టుకునే తాడూ లేదు. వాళ్లను తిట్టలేను. ఎలా చేయాలో చూపించే మనిషి ఆ ఇంటి గడప తొక్కలేదు. పెరట్లో రెండు వరసల సరుగుడు కట్టెలు పాతి, నడుముకు వెడల్పాటి బెల్టు వేసి, వెనక ఒకరు పట్టుకుని, ముందు కుర్చీ పెట్టి చేయించే సాధనతో ఎంతో సాధించవచ్చు. ఎవరైనా వచ్చి మొదటి రోజు నేర్పించాలి, పదిహేను రోజులకోసారి వచ్చి చూసి దిద్దాలి.

అమెరికా పరీక్షలో ట్రెడ్‌మిల్ జట్టుకు 36 విడతల సాధన పెట్టారు, పన్నెండు నుంచి పదహారు వారాల్లో. మా మండలం మనిషికి ఆ లెక్క వేసి చూడండి. వారానికి రెండు మూడు సార్లు చక్రాల కుర్చీని ఆటోలో ఎక్కించి పుత్తూరు, అక్కడి నుంచి తిరుపతి. మళ్లీ వెనక్కి. తోడు వచ్చే కొడుకో భార్యో ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. ఇలా 36 సార్లు. చికిత్స ఉచితమే కావచ్చు. దాన్ని చేరే దారి ఉచితం కాదు. నాలుగో వారానికి మానేస్తారు, మానేసినందుకు తప్పంతా పేషెంటు మీద పడుతుంది. అదే పరీక్షలో ఇంటికే ఫిజియో వెళ్లిన జట్టు ట్రెడ్‌మిల్ జట్టుతో సమానంగా కోలుకుందని మళ్లీ గుర్తు చేస్తున్నాను. చేరేదానికి అవకాశం లేని యంత్రం కన్నా చేరుకునే మనిషి మా వాళ్లకు ఎక్కువ మేలు చేస్తుందని అనడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు.

ఇంటివాళ్లకూ నేర్పించే పద్ధతి మాకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు దాటితే వెల్లూరు. 1954లో ఒక రోడ్డు ప్రమాదంలో అక్కడి సీఎంసీ ఆసుపత్రి యువ డాక్టరు మేరీ వర్గీస్ వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. తాను చక్రాల కుర్చీలో ఉంటూనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివి, తిరిగొచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపింది. ఆమె పట్టుదల వల్ల అక్కడ 1966లో పునరావాస సంస్థ తెరుచుకుంది. పేషెంటును ఒక్కడినే చేర్చుకోకుండా ఇంటివాళ్లను కూడా ఉంచుకుని నేర్పించి పంపే పద్ధతి అక్కడ ఉంది. మా జిల్లా వాళ్లు తరాలుగా అక్కడికి పోతున్నారు. స్వామివారి సన్నిధి ఉన్న తిరుపతికి అంతకన్నా ఎక్కువ చేసే శక్తి ఉంది.

ఆ శక్తి ఇప్పటికే మీ చేతుల్లో ఉంది కూడా. బర్డ్ ఉంది. దేవస్థానం స్థాపించిన స్విమ్స్ వైద్య సంస్థలో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. ఈ రెండూ కలిసి నడక సహాయకుల కోసం కొన్ని నెలల కోర్సు పెట్టవచ్చు. పదో తరగతి చదివి, ఒళ్లు వంచి పనిచేసే, మనుషులతో మర్యాదగా మాట్లాడే పిల్లలు సరిపోతారు. పేషెంటును పరీక్షించి ఏం చేయాలో తేల్చేది ఫిజియోథెరపిస్టు, ఆ పనిలో చెయ్యి కలిపేది సహాయకులు. ఆ హద్దు స్పష్టంగా రాసి పెట్టాలి. యంత్రం ఉన్న గదిలో ఇంతమంది లేకుండా పట్టా కదలకూడదన్న నియమం గోడ మీద తెలుగులో ఉండాలి. జరిగిన ప్రతి పొరపాటూ, జరగబోయి ఆగినదీ ఒక పుస్తకంలో రాసి నెలకోసారి చదవాలి, రాసినవాళ్లను దండించకూడదు.

దాతల విషయంలో ఒక మాట. యంత్రం మీద పేరు రాయించుకోవడం భక్తుడికి తృప్తినిస్తుంది, కాదనను. అయితే ఒక ఫిజియోథెరపిస్టు, ఇద్దరు సహాయకుల ఐదేళ్ల జీతానికి కూడా దాత పేరు పెట్టే పథకం ఒకటి ప్రకటించండి. రోబో యంత్రం ఖరీదులో చాలా మండలాలకు అలాంటి జట్టు దొరుకుతుంది. యంత్రం పాతబడుతుంది, విడి భాగాలు దొరకక మూల పడవచ్చు. ఐదేళ్లు పనిచేసిన సహాయకురాలు మొదటి రోజుకన్నా ఎన్నో రెట్లు మెరుగ్గా పనిచేస్తుంది, ఇంకొకరికి నేర్పిస్తుంది.

మా ఊరికి నేనడిగేది చాలా చిన్నది. గుడి దగ్గర మీ ఆధ్వర్యంలో ఒక గది. మెట్లు లేని వాలు దారి, ఫ్యాను, ఆడవాళ్ల కోసం తెర, సమాంతరంగా రెండు కడ్డీలు, బీపీ, షుగర్ చూసే పరికరాలు. వారానికి రెండు రోజులు ఒక ఫిజియోథెరపిస్టు, ఒక సహాయకురాలు. మిగతా రోజుల్లో వాళ్లు ఇళ్లకు వెళ్లి ఇంటివాళ్లకు నేర్పించాలి. హార్నెస్ అవసరమైనవాళ్లను వాళ్లే గుర్తించి, తిరుపతికి పంపి, అక్కడ కొన్ని వారాలు ఉంచుకుని, నిలబడగలిగాక మళ్లీ ఈ గదికి అప్పగించాలి. పేషెంటు, ఇంటివాళ్లు ఆ కొన్ని వారాలు తిరుపతిలో ఉండడానికి ఒక చోటు చూపించండి. యాత్రికులకు వసతి చూడడంలో మీకున్న అనుభవం దేశంలో ఎవరికీ లేదు.

ఏం కావాలని మా పేషెంట్లను అడిగితే చాలామంది మారథాను గురించి చెప్పరు. ఒకరికి ఒంటరిగా బాత్రూంకు పోవాలి. ఒకరికి పొలం గట్టు దాకా పోయి మామిడి చెట్లు చూసుకోవాలి. ఒక పెద్దాయన తెప్పోత్సవం నాటికి మా ఊరి స్కంద పుష్కరిణి గట్టుకు తన కాళ్లతో రావాలంటున్నాడు. ఆయనతో వరండాలో సాధన చేయిస్తున్నాను, కొడుకు వెనక బెల్టు పట్టుకుంటాడు. ఇప్పటికి గేటు దాకా వస్తున్నాడు.

శిక్షణ మొదలుపెడితే మొదటి బ్యాచ్‌లో మా మండలం నుంచి ఇద్దరు అమ్మాయిలకు చోటివ్వండి. నర్సింగ్ సహాయకురాలి కోర్సు చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. దరఖాస్తులు నేనే తెచ్చి తిరుపతిలో మీ కార్యాలయంలో ఇస్తాను. వాళ్లకు చేతి పని నేర్పించే బాధ్యతలో నా వంతు రోజులు కూడా రాసుకోండి.

ఇట్లు,
కార్వేటినగరం నుంచి ఒక ఫిజియోథెరపిస్టు